ఫైల్ లాక్‌స్మిత్: ఫైలు ఎవరి పట్టులో ఉందో చెప్పే పనిముట్టు

రాజమహేంద్రవరంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసి ప్రింట్ చేసే చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. చుట్టుపక్కల ఊళ్ల ఫోటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు పట్టుకుని వస్తారు. ముహూర్తాలు ఎక్కువగా ఉండే నెలల్లో ఒక్కో పెళ్లికి మూడు నాలుగు వేల ఫోటోలు, కెమెరా నుంచి నేరుగా వచ్చిన ముడి ఫైళ్లతో కలిపి నూరు, నూట యాభై జీబీ దాకా వస్తాయి. డిస్కులో చోటు ఖాళీ చేసుకోవడం మాకు అంట్లు తోముకోవడం లాంటి పని. అది కాకపోతే మర్నాడు పొయ్యి వెలగదు.

నేను ఇక్కడ రాస్తున్నది పవర్‌టాయ్స్‌లో, అంటే విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే చిన్న పనిముట్ల మూటలో, ఉండే ఫైల్ లాక్‌స్మిత్ గురించి. ఉచితం. ఏడాదికి పైగా మా మూడు కంప్యూటర్లలోనూ వాడుతున్నాను. ఇంత చిన్న పనిముట్టు మీద ఇంత పొడుగున ఎందుకు రాస్తున్నానో తెలియాలంటే, అంతకు ముందు మాకు జరిగిన నష్టం చెప్పాలి.

పాత ఫోల్డర్లను రోజూ రాత్రి పదకొండు గంటలకు వాటంతట అవే డిలీట్ చేసే ఒక ప్రోగ్రామ్‌ను అప్పట్లో డబ్బు పెట్టి కొన్నాను. ఫోల్డర్ తయారై 150 రోజులు దాటితే తీసేయాలి, ఫలానావి ముట్టుకోకూడదు అని ముందే చెప్పి పెట్టుకోవచ్చు. ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. ఫాల్గుణంలో జరిగిన ఒక పెళ్లి ఆల్బమ్ మధ్యలో ఆగిపోయింది. పెళ్లికూతురి తాతగారు పోయారు, ఆ ఇంట్లో ఎవరికీ ఫోటోలు ఎంచుకునే మనసు లేకపోయింది. శ్రావణం వచ్చాక వాళ్లే ఫోన్ చేసి, పని మళ్లీ మొదలుపెట్టమన్నారు. పని మళ్లీ మొదలైన ఆ రోజుల్లోనే ఫోల్డర్ వయసు 150 రోజులు దాటింది. దాన్ని మినహాయింపుల జాబితాలో చేర్చాల్సింది నేను. చేర్చలేదు. ఆ తప్పు నాదే.

ఆ తర్వాత జరిగినది మాత్రం ఆ ప్రోగ్రామ్ తప్పు. మా డిజైనర్ ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి వెళ్తూ ఆల్బమ్ ఫైలును తెరిచే ఉంచి, కంప్యూటర్‌ను ఆన్‌లోనే వదిలి వెళ్లాడు. మర్నాడు పొద్దున వచ్చి కూర్చున్న పది నిమిషాలకు నన్ను పిలిచాడు. "అక్కా, ఒకసారి ఇలా రండి. అప్పగింతల షీట్‌లో ఫోటోలన్నీ మసకగా ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే గళ్లు గళ్లుగా కనిపిస్తున్నాయి."

పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో ఫోటో పెట్టినప్పుడు ఆ ఫోటో మొత్తం ఆల్బమ్ ఫైలులోకి రాదు. డిస్కులో అది ఎక్కడుందో చెప్పే చిరునామా, తెర మీద చూపించడానికి ఒక చిన్న నమూనా మాత్రమే వస్తాయి. ప్రింట్‌కు పంపే వేళకు అసలు ఫోటోను ఆ చిరునామాకు వెళ్లి తెచ్చుకుంటుంది. మేము ఫోటోల జాబితా తెరిచి చూశాం. తలంబ్రాలు, అప్పగింతలు, జీలకర్ర బెల్లం, ప్రతి ఫోటో పేరు పక్కనా ఎర్రటి ప్రశ్నార్థకం. ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే మిగిలింది ఒకే ఒక్క ఫైలు. డిజైనర్ తెరిచి ఉంచిన ఆల్బమ్ ఫైలు.

జరిగినది ఇది. ఏ ప్రోగ్రామ్ అయినా విండోస్‌లో ఒక ఫైలును తెరిచేటప్పుడు, తాను దాన్ని పట్టుకుని ఉన్నంత సేపూ ఇతరులు ఏమేం చేయవచ్చో కూడా చెబుతుంది. చదవనివ్వవచ్చా, రాయనివ్వవచ్చా, తీసేయనివ్వవచ్చా అని మూడింటికీ విడివిడిగా అనుమతి ఇస్తుంది. తీసేయడానికి అనుమతి ఇవ్వని ఫైలును ఇంకెవరైనా డిలీట్ చేయబోతే విండోస్ ఒప్పుకోదు, 32 అనే ఎర్రర్ నంబరు ఇస్తుంది. వేరే ప్రోగ్రామ్ దాన్ని వాడుతోంది అని ఆ నంబరుకు అర్థం. మా ఆల్బమ్ ఫైలుకు ఆ రక్షణ దొరికింది. ఫోటోలకు దొరకలేదు, ఎందుకంటే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ వాటిని ఒకసారి చదివి వదిలేస్తుంది, పట్టుకుని కూర్చోదు. డిలీట్ చేసే ప్రోగ్రామ్ వరసగా ఫోటోలన్నిటినీ తీసేస్తూ వచ్చింది, ఆల్బమ్ ఫైలు దగ్గర 32 వచ్చింది, దాన్ని దాటేసి ముందుకు పోయింది. చివర్లో ఫోల్డర్‌ను తీయబోతే 145 వచ్చింది, అంటే ఫోల్డర్ ఖాళీగా లేదని. ఈ రెండు నంబర్లూ, అది తాను చేసిన పనులు రాసుకునే లాగ్ ఫైలులో ఉన్నాయి, నేను తెరిచి చూశాను. తెర మీద మాత్రం ఆకుపచ్చ అక్షరాల్లో 'పూర్తయింది' అని ఉంది.

ఒక ప్రోగ్రామ్ చేతిలోంచి డిలీట్ అయిన ఫైళ్లు మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి రావు. మావీ రాలేదు. ముడి ఫోటోలు ఆ ఫోటోగ్రాఫర్ ఇంట్లో ఇంకో డిస్కులో ఉండడం వల్ల బతికిపోయాం. కానీ మేము రంగులు సరిచేసి, ముఖాల మీద వెలుగు దిద్దిన 140 ఫోటోల పని పోయింది. ఇద్దరు మనుషులు నాలుగు రోజులు కూర్చుని మళ్లీ చేశారు. ఆల్బమ్ తొమ్మిది రోజులు ఆలస్యంగా ఇచ్చాం. ఆ పెళ్లికూతురి నాన్నగారు ఒక్క మాట అనలేదు. తాతగారు చేతులు పట్టుకుని అప్పగించిన ఫోటోను ఆయన మా కౌంటర్ దగ్గర నిలబడి చూసుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఫోటోను మేము ఒకసారి పోగొట్టామని ఆయనకు తెలుసు.

ఆ ప్రోగ్రామ్‌ను అదే రోజు తీసేసి, ఫోల్డర్లను చేత్తో డిలీట్ చేయడం మొదలుపెట్టాను. అప్పుడు రెండో తలనొప్పి మొదలైంది. ఈ ఫోల్డర్ గానీ ఇందులోని ఫైలు గానీ వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది కాబట్టి ఈ పని కుదరదు, దాన్ని మూసి మళ్లీ ప్రయత్నించండి అని విండోస్ చెబుతుంది. ఏ ఫైలు? ఏ ప్రోగ్రామ్? ఒక్క ఫైలును డిలీట్ చేస్తుంటే ఒక్కోసారి ప్రోగ్రామ్ పేరు చెబుతుంది. ఫోల్డర్ విషయంలో చెప్పదు. కనిపించినవన్నీ మూసేస్తాం, అయినా వినదు, చివరికి రీస్టార్ట్. ప్రింటర్‌కు షీట్లు పంపుతున్న కంప్యూటర్‌ను మధ్యలో రీస్టార్ట్ చేస్తే ఆ షీటు పోతుంది. ఫోటో కాగితం ధర తెలిసినవాళ్లకు ఆ బాధ చెప్పనక్కరలేదు.

హైదరాబాద్‌లో ప్రోగ్రామర్‌గా పనిచేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, రీస్టార్ట్ చేయకు. ముందు ఎవరు పట్టుకున్నారో అడుగు" అన్నాడు. ఎవరిని అడగాలో కూడా వాడే చెప్పాడు.

పవర్‌టాయ్స్ అనే పేరు విండోస్ 95 కాలం నుంచి ఉన్నదే. ఇప్పుడు మనం దించుకునేది 2019లో ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్ అందరూ చూడగలిగేలా, మళ్లీ మొదలైనది. ఫైల్ లాక్‌స్మిత్ అందులో 2022 నవంబరులో, 0.64 వెర్షన్‌తో చేరింది. దించుకుని పెట్టుకున్నాక ఫైలు మీదో ఫోల్డర్ మీదో కుడి బొత్తాం నొక్కితే వచ్చే మెనూలో దాని పేరు కనిపిస్తుంది. నొక్కగానే చిన్న కిటికీ తెరుచుకుని, ఆ ఫైలును ఏయే ప్రోగ్రామ్‌లు పట్టుకుని ఉన్నాయో ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. ఒక్కో పేరును విప్పితే లోపల మూడు సంగతులు ఉంటాయి. నడుస్తున్న ఆ ప్రోగ్రామ్‌కు విండోస్ ఇచ్చిన ప్రాసెస్ నంబరు, ఏ యూజర్ కింద నడుస్తోంది, మనం అడిగిన ఫోల్డర్‌లో సరిగ్గా ఏ ఫైళ్లను పట్టుకుంది. నాకు కావలసింది ఈ మూడోదే. ఫోల్డర్ మొత్తం మీద నొక్కినా, లోపల ఎంత లోతున ఉన్న ఫైలునైనా పూర్తి చిరునామాతో చూపిస్తుంది.

మొదటిసారి వాడినప్పుడు నేను డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాను. పట్టుకున్నది అది కాదు. ఫోటోలు చూసుకోవడానికి ఫోటోగ్రాఫర్ మా కంప్యూటర్‌లో పెట్టించిన ఒక ప్రోగ్రామ్. కిటికీ మూసేసినా అది గడియారం పక్కన చిన్న బొమ్మగా బతికే ఉంది. రెండు నెలలుగా నేను చేసిన రీస్టార్ట్‌లలో సగం దాని పుణ్యమే అయి ఉంటాయి. దాన్ని పూర్తిగా మూసి, లాక్‌స్మిత్‌లో జాబితాను మళ్లీ తెప్పించాను. ఖాళీ. ఫోల్డర్ వెంటనే డిలీట్ అయింది.

ప్రతి ప్రోగ్రామ్ పేరు పక్కనా ఎండ్ టాస్క్ బొత్తాం ఉంటుంది. మా ల్యాబ్ కుర్రాళ్లకు నేను గట్టిగా చెప్పింది ఈ బొత్తాం గురించే. అది ప్రోగ్రామ్‌ను మర్యాదగా మూయదు, ఉన్నపళంగా ఆపేస్తుంది. సేవ్ చేయని పని ఉంటే అంతా పోతుంది. మా ల్యాబ్‌లో పద్ధతి ఇది: లాక్‌స్మిత్ పేరు చెప్పాక ఆ ప్రోగ్రామ్ దగ్గరికి వెళ్లాలి, పని సేవ్ చేయాలి, మామూలుగా మూయాలి, జాబితాను మళ్లీ చూడాలి. ఆ ప్రోగ్రామ్ కిటికీ ఎంత వెతికినా దొరకనప్పుడు మాత్రమే ఆ బొత్తాం. జాబితాలో, మనకు ఫోల్డర్లు తెరిచి చూపించే విండోస్ ఎక్స్‌ప్లోరర్ పేరే కనిపిస్తే అసలు నొక్కకూడదు, టాస్క్‌బార్ కూడా దానితో పోతుంది. ఎక్స్‌ప్లోరర్ కుడివైపు ఫోటో నమూనా చూపించే అర తెరిచి ఉందేమో చూడాలి. ఆల్ట్, పీ మీటలు కలిపి నొక్కితే ఆ అర మూసుకుంటుంది. చాలాసార్లు దానితోనే పట్టు వదులుతుంది.

ఇంకో సంగతి. మామూలుగా తెరిచినప్పుడు లాక్‌స్మిత్‌కు మన యూజర్ కింద నడిచే ప్రోగ్రామ్‌లే బాగా కనిపిస్తాయి. జాబితా ఖాళీగా ఉండీ ఫోల్డర్ డిలీట్ కాకపోతే, పైన ఉన్న బొత్తాంతో అడ్మినిస్ట్రేటర్‌గా మళ్లీ తెరవాలి. మా దగ్గర అలా చూసినప్పుడు బ్యాకప్ సర్వీసు ఒకసారి బయటపడింది.

దీనికి చేతకానిది కూడా మాకు ఎదురైంది. మా రెండో కంప్యూటర్ ఫోటోలను మొదటి కంప్యూటర్ డ్రైవ్ నుంచే నెట్‌వర్క్ మీద తెరుస్తుంది. అలా తెరిచిన ఫైలు, అది ఉన్న కంప్యూటర్‌లో చూస్తే సిస్టమ్ అనే పేరు కింద ఉంటుంది. అవతల ఏ మనిషి, ఏ ప్రోగ్రామ్ తెరిచిందో ఇక్కడి లాక్‌స్మిత్ చెప్పలేదు. దానికి విండోస్‌లోనే వేరే దారి ఉంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్‌లో ఓపెన్ ఫైల్స్ చూస్తే ఏ ఫైలును ఏ యూజర్ తెరిచి ఉంచారో వరసగా ఉంటుంది. నెట్‌వర్క్‌లో పనిచేసే స్టూడియోలవాళ్లు ఈ రెండో దారి కూడా తెలుసుకుని ఉంచుకోవాలి, లాక్‌స్మిత్ ఒక్కటే సరిపోదు. దీని ఒక్కదాని కోసం పవర్‌టాయ్స్ మొత్తాన్ని పెట్టుకోవాల్సి రావడం కూడా పాత కంప్యూటర్లకు కాస్త బరువే. మిగతా పనిముట్లను నేను సెట్టింగ్స్‌లో ఆపేశాను. పాత విండోస్ ఉన్నవాళ్లకు ఇది దొరకదు, విండోస్ 10లో 2004 అనే నంబరున్న వెర్షన్ (అది సంవత్సరం కాదు) గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి.

ఏదీ దించుకోవడం ఇష్టం లేనివాళ్లకు విండోస్‌తో పాటే వచ్చే రిసోర్స్ మానిటర్ ఉంది. సీపీయూ పేజీలో హ్యాండిల్స్ అనే చోట ఫైలు పేరులో ఒక ముక్క రాస్తే, దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు వస్తుంది. ఎప్పుడో ఒకసారి అవసరపడేవాళ్లకు అది చాలు.

ఇదే పనికి మా తమ్ముడు వాడేది ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో అదొకటి. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుక్కుంది. అందులో ప్రోగ్రామ్‌ను బతకనిస్తూనే దాని చేతిలోని ఫైలును మాత్రం లాగేసుకునే వీలుంది. వినడానికి ఇదే మేలనిపిస్తుంది. కానీ తన చేతిలోంచి ఫైలు పోయిన సంగతి ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు. ఇంకా ఉందనుకుని రాయబోతుంది. ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు, అంతకంటే ఘోరంగా ఆ రాత వెళ్లి వేరే ఫైలులో పడవచ్చు. అందుకే లాక్‌స్మిత్‌లో ఈ వీలు లేకపోవడాన్ని నేను లోపంగా చూడను. మా లాంటి చోట, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు రాత్రి పదింటికి తొందరలో నొక్కే బొత్తాల్లో అది లేకపోవడమే క్షేమం.

పట్టులో ఉన్న ఫైలును తర్వాతి రీస్టార్ట్‌లో తీసేస్తామని అడిగే ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి. విండోస్ ఆ పేర్లను రిజిస్ట్రీ అనే తన సెట్టింగుల పట్టీలో రాసి ఉంచుకుని, కంప్యూటర్ మళ్లీ లేచేటప్పుడు తీసేస్తుంది. సాఫ్ట్‌వేర్ పాత ముక్కలకు అది సరైన పద్ధతి. మనుషుల పనికి కాదు. అది గుర్తుపెట్టుకునేది ఫైలు పేరును, చిరునామాను. ఈలోగా డిజైనర్ అదే పేరుతో కొత్త పని సేవ్ చేస్తే, మర్నాడు పోయేది ఆ కొత్త పనే.

లాక్‌స్మిత్ చేతికొచ్చాక నాకు ఆ పాత ప్రోగ్రామ్ మీద కోపం తగ్గలేదు, పెరిగింది. ఎందుకంటే ఈ సమాచారం విండోస్ దగ్గర దాచిపెట్టి ఏమీ లేదు. ఒక ఫైలును ఎవరు వాడుతున్నారో ఏ ప్రోగ్రామ్ అయినా అడిగి తెలుసుకునే రీస్టార్ట్ మేనేజర్ అనే ఏర్పాటు 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచే ఉంది. డబ్బు తీసుకుని అమ్మే ప్రోగ్రామ్ అది అడగలేదు. అడగకపోయినా, 32 వచ్చిన చోట ఆగి ఉండాల్సింది. ఆగకపోయినా, 'పూర్తయింది' అని రాయకుండా ఉండాల్సింది.

తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు మా కోసం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, పాత ఫోల్డర్లను తీసేసే ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. వాడు రాస్తుంటే పక్కనే కూర్చుని ప్రతి వరసా ఏమిటో అడిగాను. మొదట ఏ ఫైలునూ డిలీట్ చేయదు. ముందు ఆ ఫోల్డర్ పేరు మార్చి చూస్తుంది, చివర 'తీసేయాలి' అని చేర్చి. లోపల ఏ ఒక్క ఫైలు తెరిచి ఉన్నా విండోస్ ఫోల్డర్ పేరు మార్చనివ్వదు, అనుమతి లేదంటూ 5 అనే నంబరు ఇస్తుంది. అంటే మా ఆల్బమ్ ఫైలు ఒక్కటి తెరిచి ఉంటే చాలు, నాలుగు వేల ఫోటోలూ క్షేమం. ఈ ఒక్క వరస ఆ శ్రావణంలో ఉంటే ఆ 140 ఫోటోలు పోయేవి కావు. తమ్ముడు దాన్ని చాలా మామూలుగా రాసుకుంటూ పోయాడు, నేనే ఆపి రెండుసార్లు చేసి చూపించమన్నాను. ఆల్బమ్ ఫైలు తెరిచి ఉంచి పేరు మార్చబోయాడు, కుదరలేదు. మూసి మార్చాడు, మారింది.

పేరు మారకపోతే రెండు సెకన్లు ఆగి మళ్లీ, అలా మూడుసార్లు ప్రయత్నిస్తుంది. యాంటీవైరస్ ఫైలును తనిఖీ చేస్తూ ఒక్క క్షణం పట్టుకుని వదలడం మామూలే కాబట్టి, మొదటి ఎర్రర్‌కే చేతులెత్తేయకూడదని తమ్ముడు చెప్పాడు. మూడోసారీ కుదరకపోతే ఆ ఫోల్డర్‌ను అలాగే వదిలి, పేరు కాగితం మీద రాసినట్టు ఒక ఫైలులో రాసి పెడుతుంది. పేరు మారిన ఫోల్డర్లను కూడా వెంటనే తీసేయదు, వారం ఉంచి తీస్తుంది. ఆ వారం నేను అడిగి పెట్టించుకున్నది.

తమ్ముడి లాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉన్నది లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్. అక్కడ తెరిచి ఉన్న ఫైలును డిలీట్ చేస్తే వెంటనే ఒప్పుకుంటుందట, పేరు జాబితాలోంచి పోతుంది, తెరిచిన ప్రోగ్రామ్ మాత్రం మూసేదాకా దాన్ని వాడుకుంటూనే ఉంటుంది. అన్నాళ్లూ డిస్కులో చోటు ఖాళీ కాదు. వాడికి అదే బాగుందంటాడు. నాకు మాత్రం వద్దని చెప్పే విండోస్ పద్ధతే మా పనికి నచ్చింది, ఆ 'వద్దు'ను వినే ప్రోగ్రామ్ ఉన్నప్పుడు.

ఇప్పుడు పొద్దున ల్యాబ్ తాళం తీయగానే ఆ ఫైలు తెరిచి చూస్తాను. ఇవాళ అందులో ఒకే పేరు ఉంది, కడియం పెళ్లి. కుడి బొత్తాం నొక్కి లాక్‌స్మిత్‌ను అడిగితే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేరు, విప్పి చూస్తే ఆల్బమ్ ఫైలు పేరు వచ్చాయి. డిజైనర్ రాగానే అడిగాను. "ఆ ఇంటివాళ్లు నిన్న సాయంత్రం మళ్లీ ఫోన్ చేశారు అక్కా. అమ్మమ్మగారికి ఇంకో చిన్న ఆల్బమ్ కావాలట" అన్నాడు. ఆ ఫోల్డర్‌ను ఈసారి మినహాయింపుల జాబితాలో నేనే చేర్చాను.